ఫైలు చివర ఎవరున్నారు?

హైక్ లెటర్ చేతికొచ్చిన పదకొండో రోజున మా టీంలో కుర్రాడొకడు రిజైన్ చేశాడు. చిన్న హైక్ కాదు. ఆ ఏడు మా ఫ్లోర్ మీద అందరికంటే ఎక్కువ వచ్చింది వాడికే. ఇప్పించడానికి నేనే మూడుసార్లు పైవాళ్ళ దగ్గర కూర్చున్నాను. కొత్తచోట ఎంతిస్తున్నారని అడిగితే, "ఇంతే అక్కా, ఓ రెండు వేలు అటూ ఇటూ" అన్నాడు. కింద టీ బండి దగ్గర నిలబడ్డాం. ఆఫీసు లోపల మేడమ్ అంటాడు, గేటు దాటితే అక్కా అంటాడు. మరెందుకురా వెళ్ళడం అంటే, గ్లాసు చేతిలో తిప్పుతూ కాసేపు ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు: "రోజుకి అరవై ఫైళ్ళు చూస్తా. మూడేళ్ళ నుంచీ ఇదే పని. అందులో ఒక్క మనిషి మొహం కూడా నాకు తెలీదు. నేను లేకపోతే ఇక్కడ ఏం ఆగుతుంది అక్కా?"

జీతం చాలదంటే మాట్లాడగలను, షిఫ్టు మార్చమంటే మార్చగలను. ఈ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. అది జరిగి రెండేళ్ళు కావస్తోంది. అప్పట్నుంచీ ఈ మాట చుట్టూనే తిరుగుతున్నాను. జీతం కాక మనిషిని పనిలో నిలబెట్టేది ఏమిటంటే చాలామంది మెచ్చుకోలు, ప్రమోషన్, మంచి బాసు అని చెబుతారు. కాదనను. కానీ వాటన్నిటికంటే ముందు ఇంకొకటి ఉందని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను: తన పని చివరికి ఏ మనిషికి చేరుతోందో చూడగలగడం. మన ఆఫీసులు ఉద్యోగికి కనబడకుండా దాచేసింది సరిగ్గా ఆ మనిషినే.

మాది ఆరోగ్య బీమా క్లెయిములు చూసే ఆఫీసు. ఆసుపత్రిలో చేరినవాళ్ళు క్యాష్‌లెస్, అంటే బిల్లు తాము కట్టకుండా బీమా నుంచే నేరుగా కట్టమని అడిగితే, అక్కడి ఇన్సూరెన్స్ డెస్కు నుంచి మాకు ప్రీ-ఆథ్, అంటే ముందస్తు అనుమతి కోసం దరఖాస్తు వస్తుంది. మా తెర మీద అది ఒక క్లెయిమ్ నంబరు, ఒక వయసు, ఒక జబ్బు కోడు, ఒక అంచనా బిల్లు. కాగితాలన్నీ ఉంటే అప్రూవల్, పాలసీ ఒప్పుకోకపోతే రిజెక్షన్, ఏదైనా తక్కువైతే క్వెరీ. డిశ్చార్జ్ రోజున ఫైనల్ బిల్లు వచ్చినప్పుడు మళ్ళీ ఇదే వరస. రోజుకి ఇన్ని ఫైళ్ళని టార్గెట్ ఉంటుంది, దాటితే ఇన్సెంటివ్. ఇందులో బయటివాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. క్వెరీ వేసినా ఫైలు మన బుట్టలోంచి వెళ్ళిపోతుంది, రోజు లెక్కలో ఒకటి పడుతుంది. దాంతో ఏమైంది? ఫైలు మొత్తం చదివి కావలసినవన్నీ ఒకేసారి అడిగే అలవాటు మెల్లగా పోయింది. మొదట తక్కువగా కనబడ్డ కాగితం దగ్గరే ఆగి క్వెరీ వేసేస్తారు. దానికి జవాబు వచ్చాక ఇంకొకరు తెరుస్తారు, ఇంకో కాగితం అడుగుతారు. మా టీం పిల్లల్లో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. టార్గెట్ దాటితే వచ్చే ఆ ఇన్సెంటివే వాళ్ళకి ఆ పద్ధతి నేర్పింది.

వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువయ్యారని హెచ్ఆర్ వాళ్ళు వచ్చారు. శుక్రవారం పిజ్జాలు తెప్పించారు, నెలనెలా ఉత్తమ ఉద్యోగి ఫోటో గోడకి పెట్టారు, బతుకమ్మ పండక్కి ఫ్లోర్ మధ్యలో పూలు తెచ్చి పోశారు. వాళ్ళ మంచి మనసుని తీసిపారేయను. ఆ రోజు అందరం నిజంగానే ఆడాం, పాడాం. సోమవారం మళ్ళీ అదే బుట్ట, అవే నంబర్లు.

ముందు జీతం సంగతి తేల్చుకోవాలి. "జీతం కంటే గొప్పది" అన్న మాట యజమాని నోట్లోంచి వస్తే నాకు భయం వేస్తుంది. ఆ మాట అడ్డం పెట్టుకుని ఇవ్వాల్సింది ఎగ్గొట్టడం మన దేశంలో కొత్త కాదు. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద వచ్చిన ఆశా కార్యకర్తలనే తీసుకోండి. గర్భిణిని కాన్పుకి వెంటపెట్టుకుని వెళ్ళేది వాళ్ళు. ఏ బిడ్డకి ఏ టీకా ఎప్పుడో గుర్తు చేసేది వాళ్ళు. కోవిడ్ రోజుల్లో మనం తలుపులేసుకుని కూర్చుంటే ఇల్లిల్లూ తిరిగిందీ వాళ్ళే. తాము చేసే పని ఎవరికి అందుతోందో ఇంత దగ్గరగా చూసేవాళ్ళు ఇంకెవరున్నారు? 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళకి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. అయినా లెక్కల్లో వాళ్ళు స్వచ్ఛంద కార్యకర్తలే, ఉద్యోగులు కారు. చేతికి వచ్చేది జీతం కాదు, పారితోషికం. అంగన్‌వాడీ అక్కలదీ అదే బాధ. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు సమ్మెకి దిగి సంక్రాంతి పండగ కూడా రోడ్డు మీదే చేసుకున్నారు. వాళ్ళ మీద సమ్మెలని అడ్డుకునే ఎస్మా చట్టం ప్రయోగించారు. వాళ్ళు అడిగింది వేతనం పెంచమని, గ్రాట్యుటీ ఇవ్వమని. పిల్లల మీద ప్రేమ లేక సమ్మె చేయలేదు. ఆ ప్రేమ ఉందని తెలిసే ఇన్నేళ్ళూ తక్కువ ఇచ్చుకుంటూ వచ్చారు.

అందుకే నేను చెప్పేదంతా, అద్దె, ఈఎంఐ, పిల్లల ఫీజు, అమ్మానాన్నల మందులు వెళ్ళిపోయాక కాస్త ఊపిరాడే జీతం వచ్చేవాళ్ళ గురించి. అది లేనిచోట వేరే మాట ఎత్తడమే తప్పు.

డబ్బు పనిచేయదని కూడా నేననను. 1913లో ఫోర్డు ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టారు. రోజంతా ఒకచోటే నిలబడి ఒక్క పనే చేయలేక జనం పారిపోయారు. ఆ ఏడాది మానేసినవాళ్ళ లెక్క మొత్తం ఉద్యోగాలకి మూడు రెట్లు దాటింది. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డు రోజుకూలిని దాదాపు రెట్టింపు చేసి 5 డాలర్లన్నాడు, తొమ్మిది గంటల పనిని ఎనిమిదికి దించాడు. గేటు ముందు వేలమంది వచ్చి నిలబడ్డారు, వెళ్ళిపోవడం బాగా తగ్గింది. అంటే డబ్బు మనిషిని ఆ లైను దగ్గర నిలబెట్టగలిగింది. నిలబడ్డ మనిషి ఆ ఎనిమిది గంటలూ పని మీద మనసు పెడతాడా లేదా అన్నది వేరే ప్రశ్న. మా ఆఫీసులో నాకు ఎదురైంది ఆ రెండో ప్రశ్నే.

ఈ విషయం మాట్లాడేవాళ్ళంతా ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పేరు ఎత్తుతారు. 1959లో ఆయన బృందం ప్రచురించిన పరిశోధనలో, పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 200 మంది దాకా ఇంజనీర్లని, అకౌంటెంట్లని పనిలో బాగా సంతోషపడ్డ సందర్భాలూ, బాగా బాధపడ్డ సందర్భాలూ చెప్పమన్నారు. బాధపడ్డ కథల్లో కంపెనీ రూల్సు, పై అధికారి తీరు ఎక్కువగా వచ్చాయి, జీతం కూడా చాలావరకు అటువైపే తేలింది. సంతోషం కథల్లో సాధించిన పని, దక్కిన గుర్తింపు, ఆ పనే. నాకు అందులో చాలా నిజం కనబడుతుంది. ఒక్క పేచీ ఉంది. అడిగింది ఇంజనీర్లని, అకౌంటెంట్లని. అడ్డా మీద నిలబడ్డ కూలీని అడిగుంటే జీతం కథలు ఏ వైపు వచ్చేవో?

నాకు ఈ సంగతి నేర్పింది ఆ పరిశోధన కాదు, మా నాన్న.

నాన్న ఆర్టీసీ డ్రైవరు, మార్కాపురం డిపో. నా చిన్నప్పుడు చాలా ఏళ్ళు నల్లమల అంచున ఉన్న ఒక ఊరికి నైట్ హాల్ట్ బస్సు తోలాడు. రాత్రి ఎనిమిదిన్నరకి ఊళ్ళో రావిచెట్టు కింద బస్సు ఆపి, ఆయనా కండక్టరూ సీట్ల మీదే పడుకుని, తెల్లారి అయిదుంబావుకి మళ్ళీ బయలుదేరేవాళ్ళు. వేసవి సెలవుల్లో నేనూ రెండుసార్లు వెంట వెళ్ళాను. బస్సు ఆగిన అరగంటకి ఎవరో ఒకరు "డ్రైవరన్నా" అంటూ జొన్నరొట్టెలు, పచ్చడి తెచ్చి ఇంజను బానెట్ మీద పెట్టి వెళ్ళేవాళ్ళు. ఈ రోజు ఏ ఇంటి నుంచి వస్తుందో నాన్నకి ముందే తెలిసేది. పొద్దున ఏ స్టేజీలో ఎవరు ఎక్కాలో కూడా తెలుసు. పాల క్యాన్ల ముసలాయన, కూరగాయల గంపలామె, చెరువుకట్ట దగ్గర ఇద్దరు కాలేజీ పిల్లలు. ఒక తెల్లవారుజామున కట్ట దగ్గర ఒక్క పిల్లే ఉంది. నాన్న బండి ఆపి రెండుసార్లు హారన్ కొట్టి ఊరివైపు చూస్తూ కూర్చున్నాడు. కండక్టరు వాచీ చూపించాడు. నాన్న కదల్లేదు. "ఇవాళ ఆ పిల్లకి ఫిజిక్సు" అన్నాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషికి ఎవరి ఇంటర్ పరీక్ష ఏ రోజో నోటికొచ్చు. ఆ పిల్ల జడ సగం అల్లుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది.

ఆయనకి మెచ్చుకోలు పట్టదని అనుకోకండి. డిపోలో నోటీసు బోర్డు మీద డ్రైవర్ల కెఎంపీఎల్ రాసేవాళ్ళు, లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చారని. ఆయనది అయిదున్నర దగ్గర ఉండేది. స్టాపు దూరంగా ఉండగానే యాక్సిలరేటరు మీద కాలు తీసేయాలి, బ్రేకు మీద పడకూడదు, క్లచ్చు మీద కాలు ఆనించి ఉంచకూడదు అని మాకు అన్నం తినేటప్పుడు కూడా చెప్పేవాడు. ఒక ఏడాది దానికి సర్టిఫికెట్ ఇచ్చారు. మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కన ఇప్పటికీ ఉంది. గుర్తింపు ఎంత తియ్యగా ఉంటుందో ఆ ఫ్రేము చూసి తెలుసుకున్నాను.

తర్వాత సీనియారిటీ మీద హైదరాబాద్ సూపర్ లగ్జరీ వచ్చింది. కొత్త బండి, మంచి రోడ్డు, చేతికి వచ్చేదీ కాస్త ఎక్కువే. ఏడాది తిరక్కుండానే మళ్ళీ పల్లెవెలుగుకి మార్పించుకున్నాడు. అమ్మ వారం రోజులు గొడవ పెట్టుకుంది. ఆయన చెప్పింది ఒకటే: "డ్రైవరు వెనకాల తలుపేసి ఉంటదే. ఎవురెక్కారో ఎవురు దిగారో తెలీదు. ఎవుర్ని తీసకపోతన్నానో తెలీకుండా రాత్రంతా తోలాల." అప్పుడు నాకు అది చాదస్తంలాగే అనిపించింది. టీ బండి దగ్గర ఆ కుర్రాడి మాట విన్న క్షణాన నాన్న చెప్పిన ఆ తలుపే గుర్తొచ్చింది.

దీని మీద జరిగిన ఒక పరిశోధన తర్వాత నా కంట పడింది. ఆడమ్ గ్రాంట్ అనే ఆయన, తోటి పరిశోధకులు 2007లో ప్రచురించారు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగులు ఉంటారు. ఆ డబ్బుతో విద్యార్థులకి స్కాలర్‌షిప్పులు వెళతాయి. కొందరు ఉద్యోగులకి, ఆ స్కాలర్‌షిప్పుతో చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టి కొద్ది నిమిషాలు మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వాళ్ళు ఫోను మీద గడిపే సమయం రెట్టింపు దాటింది, తెచ్చిన విరాళం రెండున్నర రెట్లు దాటింది. ఇంకొందరికి మనిషిని చూపించకుండా ఆ విద్యార్థి రాసిన ఉత్తరం మాత్రం చదివించారు. వాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. జీతం ఎవరికీ పైసా పెరగలేదు. ఉత్తరం చదివినవాళ్ళ సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగాను. మా ఆఫీసు గోడల మీద కూడా నవ్వుతున్న కుటుంబాల ఫోటోలు, "మీ వల్లే" అన్న పోస్టర్లు ఉన్నాయి. అవి ఆ ఉత్తరం లాంటివి.

మా మేనేజర్‌ని ఒకటే అడిగాను. టీంలో ఆరుగురిని ఒక్క పూట ఆసుపత్రి డిశ్చార్జ్ కౌంటర్ దగ్గర కూర్చోనివ్వండి, దారి ఖర్చులు నేనే పెట్టుకుంటాను. "దానివల్ల నంబర్లేం పెరుగుతాయి?" అన్నారు. మూడు నెలలు వెంటపడితే సరేనన్నారు. ఆసుపత్రి వాళ్ళు కూడా, ఎవరి కాగితాలూ ముట్టుకోకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు.

సాయంత్రం నాలుగైంది. వీల్‌చైర్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. గుండెకి స్టెంటు వేశారట. చేతి మీద సూది తీసేసినచోట పత్తి అంటించి ఉంది. కాళ్ళ దగ్గర రెండు సంచులు, ప్లాస్కు, మడిచిన దుప్పటి. ఉదయం పదింటికి వెళ్ళిపోవచ్చన్నారని కోడలు చెప్పింది. ఊరి నుంచి తెచ్చుకున్న అద్దె కారు కింద ఉంది, డ్రైవరు అరగంటకోసారి ఫోను చేస్తున్నాడు. డెస్కు అమ్మాయి "ఇన్సూరెన్స్ నుంచి ఇంకా రాలేదమ్మా" అని ఎన్నోసారో చెబుతోంది. ఆలస్యమెందుకని ఆ కోడలు అడిగితే డెస్కు అమ్మాయి వరసగా చెప్పింది: పదకొండున్నరకి ల్యాబు రిపోర్టు అడిగారు, పంపాం. ఒంటిగంటన్నరకి స్టెంటు స్టిక్కరు అడిగారు, పంపాం. ఇప్పుడు మూడున్నరకి మందుల బిల్లు విడిగా అడుగుతున్నారు. ఆ ఫైలు మాది కాదు, వేరే సంస్థది. అయినా మా ఆరుగురిలో ఒక్కరూ తలెత్తలేదు. మూడూ ఒకేసారి అడగవచ్చని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాళ్ళు వాళ్ళే. ఇంతలో పెద్దాయన మా టీం అమ్మాయి ఒకామె మెడలో ఐడీ కార్డు చూసి, ఆసుపత్రి మనిషి అనుకున్నాడో ఏమో, "అమ్మా, చీకటి పడకముందు ఊరు చేరతామా?" అని అడిగాడు.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో ఎవరూ మాట్లాడలేదు.

మర్నాటి నుంచి ఆ ఆరుగురి క్వెరీలు మారాయి. నేను చెప్పలేదు, రూలు రాలేదు. ఫైలు చివరిదాకా చదివి, కావలసినవన్నీ వరసగా ఒకే క్వెరీలో రాయడం మొదలుపెట్టారు. మొదటి రెండు వారాలు వాళ్ళ రోజు లెక్క పడిపోయింది. ఆ నెల ఇద్దరికి ఇన్సెంటివ్ తప్పింది. ఇద్దరూ దాని గురించి నన్ను ఏమీ అనలేదు. టార్గెట్ లెక్కని సరిచేయాల్సిన బాధ్యత పైవాళ్ళది, నాది. మంచి పని చేసినందుకు పిల్లలు డబ్బు పోగొట్టుకోవడం న్యాయం కాదని మెయిల్ మీద మెయిల్ పెట్టాను. ఇప్పుడు మా ఒక్క షిఫ్టులో, ఒకే ఫైలు మీద రెండో క్వెరీ వేస్తే అది లెక్కలోకి రాదు.

2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది: క్యాష్‌లెస్ అడిగితే గంటలోగా తేల్చాలి, డిశ్చార్జ్ వేళ తుది అనుమతి మూడు గంటలు దాటకూడదు, దాటితే ఆ ఆలస్యానికి ఆసుపత్రి వేసే అదనపు ఖర్చు బీమా కంపెనీదే. చాలా అవసరమైన రూలు. కానీ గడియారానికి భయపడే మనిషి రెండు గంటల యాభయ్యో నిమిషాన ఇంకో క్వెరీ వేయగలడు. వీల్‌చైర్‌లో పెద్దాయన్ని చూసొచ్చిన మనిషి అలా వేయలేడు.

అందరికీ ఇది సుఖంగా ఉండలేదు. ఆ ఆరుగురిలో ఒకమ్మాయి రెండోసారి రానంది. ఆమె రోజూ చూసేది రిజెక్షన్లు. "అప్రూవ్ చేసేవాళ్ళకి పరవాలేదు మేడమ్, నేను వద్దన్నవాళ్ళు అక్కడ ఎదురైతే?" అంది. బలవంతపెట్టలేదు. మనిషిని చూపించడం అంటే వాళ్ళ బాధను కూడా చూపించడమే, అది మోయడానికి ఆ పిల్లకి మేం ఏ సాయమూ ఇవ్వలేదు. కొన్ని రోజుల తర్వాత ఆమే ఒక కాగితం పట్టుకొచ్చింది. రిజెక్షన్ లెటర్‌లో వాడే నాలుగు లైన్ల ఇంగ్లీషు కింద, ఏ కారణంగా కుదరలేదో, పాలసీలో అది ఎక్కడుందో, ఒప్పుకోకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే, హైదరాబాద్‌లోనే ఉన్న అంబుడ్స్‌మన్ ఆఫీసుకి ఎలా రాసుకోవాలో మామూలు తెలుగులో రాసింది. ఇది కూడా పెట్టనివ్వండి అని అడిగింది. లీగల్ వాళ్ళు ఇంకా చూస్తున్నారు.

ఇంకొక పోరాటం నడుస్తోంది. ఫైలు చూసేవాళ్ళు ఆసుపత్రి డెస్కుకి నేరుగా ఫోను చేయడానికి వీల్లేదని పాత రూలు. చిన్న సందేహం కూడా క్వెరీగానే వెళ్ళాలి. పని ఎలా చేయాలో కాస్త తన చేతిలో లేకపోతే, ఎవరి కోసం చేస్తున్నాడో తెలిసి కూడా మనిషి ఏం చేయగలడు? తెలిసీ ఏమీ చేయలేకపోవడం ఇంకా నరకం. చాలా అడిగాక రాత్రి షిఫ్టుకి మాత్రం ఒక ఫోను ఇచ్చారు. మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుంది. అవ్వనీ, మంచిదే.

మొన్న రాత్రి షిఫ్టులో నేనూ ఉన్నాను. పదిన్నరకి ఒక ఫైనల్ బిల్లు అప్రూవ్ చేసిన కుర్రాడు, ఇరవై నిమిషాలు ఆగి ఆ ఫోను తీసుకుని డెస్కుకి చేశాడు. కాగితాలేమీ అడగలేదు. "బయల్దేరారా అండీ వాళ్ళు?" అన్నాడు. అవతల ఏదో చెప్పారు. "సరే అండీ" అని పెట్టేసి ఇంకో ఫైలు తెరిచాడు. ఆ ఫోను మిగతా రెండు షిఫ్టులకి కూడా ఇవ్వమని సోమవారం రాసి పంపాను.